అమానతు – రసీదు: భక్త రామదాసు జీవిత కథ

వర్తకమున నిజాయితీని గూర్చి మన సభలలో ప్రసంగము వచ్చినప్పుడెల్ల, వక్తలు కూఫా నగరపు బట్టల వర్తకుడైన ఇమాం అబూ హనీఫా కథను చెప్పుట పరిపాటి. లోపమున్న వస్త్రమును ఆ లోపము చెప్పకయే భాగస్వామి అమ్మివేయగా, వచ్చిన సొమ్మునంతయు ఆయన దానము చేసివేసెనట. మంచి కథయే. కాని డబ్బు, లెక్క, నమ్మకము అను ఈ మూడింటిని గూర్చి ఆలోచించుటకు మనము కూఫా వరకు పోనక్కరలేదు. ఖమ్మము నుండి గోదావరి ఒడ్డు వరకు గల ఈ అడవి అంచుననే, మూడు శతాబ్దములకు పూర్వము, ఒక ఖజానా లెక్క తెగక ఒక మనుష్యుడు పండ్రెండేండ్లు చెఱలో మగ్గెను. తెలుగువారెల్లరు ఆయన పాటలు పాడుకొందురు. ఆయన లెక్కను తలచువారు మాత్రము తక్కువ.

ఆయన పేరు కంచెర్ల గోపన్న. లోకమెఱిగిన పేరు భక్త రామదాసు. ఖమ్మమునకు దక్షిణముననున్న నేలకొండపల్లిలో, పదునేడవ శతాబ్దమున, లింగన్న కామాంబ దంపతులకు జన్మించెను. గోలకొండ దర్బారున పేరు మోసిన అక్కన్న, మాదన్న సోదరులు ఆయనకు మేనమామలు. బాల్యమున కబీరు అను ఫకీరు ఆయనకు రామమంత్రమును ఉపదేశించెనని జనశ్రుతి. కాశీ కబీరు అంతకు ఒక శతాబ్దమునకు పైగా ముందే గతించినవాడు గనుక ఆ ఫకీరు మరియొకరు కావలెను. ఎవరైనను, రామభక్తునకు ఒక ముస్లిం ఫకీరును గురువుగా చెప్పుకొనుటకు ఈ ప్రాంతపు జనులకు ఎన్నడును సంకోచము కలుగలేదు. ఇది గుర్తుంచుకొనదగిన విషయము.

1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోలకొండ సింహాసనమెక్కెను. జనులు తానాషా యని పిలిచినది ఈయననే. యౌవనమున షా రాజు కత్తాల్ అను సూఫీ గురువు చెంత గడిపినవాడు. మాదన్నను ప్రధానిగా నియమించెను. మేనమామల పలుకుబడిచే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించెను. తహసీలు అనగా వసూలు. శిస్తు వసూలు చేయుట, లెక్క వ్రాయించుట, కిస్తుల ప్రకారము గోలకొండకు సొమ్ము పంపుట ఆ ఉద్యోగి పని. కొండలు, అడవి, కోయగూడెములు, ఏటి ఒడ్డున కొంత సాగు గల ఆ సీమలో ఒక్కొక్క వరహా కూడుట ఎంత కష్టమో ఇక్కడి విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇస్లాం దృష్టిలో అట్టి సొమ్ము అమానతు. ఒకరు నమ్మి మన చేతనుంచిన దానిపై మనకు కాపాడు బాధ్యతయే గాని వాడుకొను హక్కు లేదు. మక్కా విడిచిన రాత్రి మహాప్రవక్త (స) హజ్రత్ అలీ (ర)ని వెనుక నుంచి, తన వద్ద దాచుకొన్నవారి వస్తువులనెల్ల తిరిగి ఇప్పించెను. ఆ ఊరివారే ఆయన ప్రాణము తీయ జూచినవారు. ఇక వసూలు ఉద్యోగుల మాట. జకాతు వసూలునకు వెళ్లి వచ్చిన ఒకడు కొంత అప్పగించి, తక్కినది తనకు వచ్చిన కానుక యనెను. తల్లిదండ్రుల ఇంట కూర్చుండియున్న యెడల ఆ కానుక వచ్చెడిదా యని ప్రవక్త (స) మింబరుపై నుండి నిలదీసిన వృత్తాంతము హదీసు గ్రంథములలో ప్రసిద్ధము. గోపన్న తనకై ఒక్క వరహా వేఱు చేసికొన్నట్లు మేమెఱిగిన ఏ కథయు చెప్పదు. ఆయన చిక్కు వేఱు.

గోదావరి యొడ్డున భద్రగిరి యను కొండపై పోకల దమ్మక్క అను గిరిజన స్త్రీ శ్రీరాముని విగ్రహములను కనుగొని, ఆకుల పందిరి వేసి, అడవిలో దొరకిన పండ్లు నివేదించుచుండెనని స్థలపురాణము. ఆ పందిరిని చూచిన గోపన్న అచ్చట ఆలయము కట్టింప సంకల్పించెను. చందాలు వచ్చెను, చాలలేదు. ఖజానాకు పోవలసిన శిస్తు చేతిలో నుండెను. పంట వచ్చిన పిమ్మట సర్దవచ్చునను తలంపుతో తీసెనని కొందఱందురు. ఏ తలంపుతోనైనను, ఆఱు లక్షల వరహాలు ఆలయమునకు, నగలకు వ్యయమైనవని కథలన్నియు ఏకకంఠముగ చెప్పుచున్నవి.

స్వార్థము లేదు గదా, దైవకార్యమే గదా, ఇందు దోషమేమి యని అడుగువారు కలరు. ఇమాం మాలిక్ సంకలనము చేసిన ముఅత్తాలో ఒక ఉదంతము కలదు. హజ్రత్ ఉమర్ (ర) కుమారులిద్దఱు ఇరాకు నుండి మదీనాకు తిరిగి వచ్చుచుండగా, బస్రా పాలకుడు ఖజానా సొమ్మును వారి చేతికిచ్చి, దానితో దారిలో సరకు కొని మదీనాలో అమ్ముకొని, అసలును తండ్రికి అప్పగింపుడని చెప్పెను. వారట్లే చేసిరి, లాభము వచ్చెను, అసలులో దమ్మిడీ తగ్గలేదు. అయినను ఉమర్ (ర) సమ్మతింపలేదు. సైనికులందఱకును ఈ అవకాశమిచ్చిరా యని ప్రశ్నించెను. తుదకు ఒకరి సలహాపై దానిని భాగస్వామ్య వ్యాపారముగా నెంచి, అసలుతో పాటు లాభమున సగము ఖజానాకు జమ కట్టించెను. సొమ్ము పోలేదు, ఎవరికిని నష్టము లేదు. అడుగకుండ కదల్చుటయే తప్పు. ఈ కొలతతో చూచిన గోపన్న చేసిన వ్యయము అమానతును మీఱినదే. ఆయన కట్టించినది మసీదైనను మా అభిప్రాయము మాఱదు. ద్రోహముతో వచ్చిన సొమ్ము నుండి చేసిన దానము అల్లాహ్ వద్ద చెల్లదని హదీసు స్పష్టముగ చెప్పుచున్నది. గోపన్నను ద్రోహి యనుటకు మాకు నోరు రాదు. కాని భక్తి యెంత గొప్పదైనను చిఠ్ఠాలో తక్కువైన అంకెను అది పూడ్చలేదు.

ఫిర్యాదు గోలకొండకు చేరెను. రాజు లెక్క అడిగెను. చలనచిత్రములలోను, హరికథలలోను తానాషాను ఎట్లు చూపినను, లెక్క అడుగుట ఆయన కర్తవ్యము. ఖజానా ఆయన సొంతము కాదు, ప్రజలది. లెక్క అడుగని పాలకుడే అమానతు తప్పినవాడు. అంతవఱకు మేము రాజు పక్షము.

ఆ తరువాత జరిగినదానిని మాత్రము మేము సమర్థింపజాలము. పండ్రెండేండ్ల చెఱ, కొరడా దెబ్బలు! తానాషా ఏలినదే పదునైదేండ్లు. ఆ పండ్రెండేండ్లను అందెట్లు ఇముడ్చవలెనో చరిత్రకారులకు చిక్కుప్రశ్నయే. ఏండ్లు తక్కువైనను విషయమొక్కటే. అప్పు తీర్చలేని స్థితిలో నున్నవానికి కలిమి వచ్చువఱకు గడువిండని, విడిచిపెట్టుట ఇంకను మేలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా ఆదేశించుచున్నది. బాకీదారునకు ఏమియు లేదని తేలిన పిమ్మట చెఱ నుండి విడువవలెనని హనఫీ న్యాయశాస్త్రవేత్తల మతము. గోపన్న వద్ద ఏమున్నది? ఉన్నదంతయు కొండపై రాళ్లుగా నిలిచియున్నది.

గోలకొండ కోటలో రామదాసు చెఱసాల యని చూపు చీకటి గది నేటికిని కలదు. గోడపై చెక్కిన దేవతామూర్తులు ఆయన చెక్కినవే యందురు. అచ్చటనే కీర్తనలు పుట్టినవి. అందొకటి అచ్చముగ చిఠ్ఠా. ప్రాకారమునకెంతైనది, సీతమ్మ పతకమునకెంత, తమ్ముల నగలకెంత యని పద్దు వెంట పద్దు వరహాలతో సహా ఏకరువు పెట్టును. పిదప దేవుని మీదనే కోపగించును. వెంటనే ఆ మాటకు తానే నొచ్చుకొనును. పండితులు ఇందు భక్తిరసమును చూచిరి. మాకు ఒక ఉద్యోగి నిజాయితీయు కనబడుచున్నది. లెక్క దాచదలచినవాడు పద్దులను పాటగ కట్టి ఊరూర పాడుకొననీయడు.

కథలో పేరెన్నిక గన్న ఘట్టము తరువాతిది. ఒకనాటి రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను ఇద్దఱు యువకులు తానాషా మందిరమునకు వచ్చి, ఆఱు లక్షలు చెల్లించి, రసీదు వ్రాయించుకొని, దానిని చెఱలోని గోపన్న చెంతనుంచి పోయిరట. వారు రామలక్ష్మణులే యని భక్తుల విశ్వాసము. ఆ విశ్వాసమును తర్కించుట మా పని కాదు. కథను కట్టిన జనుల న్యాయబుద్ధిని మాత్రము గమనింపుడు. తలుపులు వాటియంతట తెఱచుకొన్నవనియో, కావలివారు మూర్ఛపోయిరనియో చెప్పవచ్చును. పురాణములలో అట్టివి కొల్లలు. తెలుగువారు అట్లు చెప్పలేదు. దేవుడంతటివాడును ఋణదాత ఇంటికి వచ్చి, అణా పైసలతో బాకీ తీర్చి, చేవ్రాలు గల రసీదు పుచ్చుకొనిన పిమ్మటనే భక్తుడు బయటికి వచ్చెననిరి. ఖుర్ఆన్‌లో అన్నింటికంటె దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది నమాజును గూర్చి కాదు, ఉపవాసమును గూర్చియు కాదు. అప్పు చిన్నదైనను పెద్దదైనను పత్రము వ్రాసికొనుటను, న్యాయముగ వ్రాయు లేఖకుని, సాక్షులను గూర్చి అది విధించుచున్నది.

రసీదు విలువ మన అడవి సంతలలో తెలియును. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు తెచ్చి అమ్మి, ఉప్పు, గుడ్డ అప్పుగా కొనిపోవు చదువు రాని గిరిజనునకు బాకీ ఎప్పుడు తీఱినదో చెప్పు కాగితము తరతరములుగ దొరకలేదు. సాహుకారు నోటి మాటయే లెక్క, ఆయన కుంచమే కొలత. తూకము తగ్గించువారి పేరనే ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అను సూరా యున్నది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినదియు ఇట్టి మోసముల నుండి వారిని తప్పించుటకే. ఈ సంతలలో మన జమాతువారి దుకాణములును కలవు గనుక ఇంత చెప్పవలసి వచ్చినది.

రసీదు చూచి తానాషా గోపన్నను సగౌరవముగ విడిపించి, చేరిన సొమ్మును తిరిగి ఈయబోగా, ఆయన నిరాకరించెనని చెప్పుదురు. గోపన్న భద్రాచలమునకు మరలి, శేషజీవితమును స్వామి సేవలో గడిపెను.

రాజు కథ అట్లు ముగియలేదు. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలోనే హతులైరి. మఱుసటి యేడు ఔరంగజేబు సేన కోటను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినను గోడలు లొంగలేదు. తుదకు కోటలోని ఒక సేనాని లంచము గొని రాత్రివేళ తలుపు తీసెను. రాజు ఉప్పు తిన్న చేయియే గడియ తీసినది. తానాషా దౌలతాబాదు కోటలో బందీగా సుమారు పండ్రెండేండ్లు గడిపి అచ్చటనే మరణించెను. ఆయన సమాధి ఖుల్దాబాదులో నున్నది.

శ్రీరామనవమి నాటి కల్యాణమునకు తలంబ్రాల ముత్యములు పంపు ఆచారము తానాషాయే ప్రారంభించెనని ప్రసిద్ధి. గోలకొండ పోయినది, ఆసఫ్‌జాహీలు వచ్చి దానిని సాగించిరి, 1948లో వారి పాలనయు ముగిసెను. పిదప ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, 2014 నుండి తెలంగాణ ప్రభుత్వమును ఆ ముత్యములను, పట్టువస్త్రములను ఏటేట భద్రాచలమునకు పంపుచున్నవి.