కలెక్టరూ – కవళ్ళూ

మా కొడవలూరుకు మైపాడు వైపు నుంచి చేపల గంప వస్తే, మా అవ్వ కవళ్ళను వేళ్ళతో నొక్కి చూడందే బేరానికి దిగదు. ఒక కాలంలో ఆ చేప పెనం మీద తన నూనెలో తానే వేగుతుంది. ఇంకో కాలంలో ఎంత నూనె పోసినా చాలదు. దీని వెనకున్న శాస్త్రం నాకు కాలేజీకి వచ్చాకే తెలిసింది. దానితోపాటు ఒక మహనీయుడి చరిత్రా తెలిసింది. ఆయనే సర్ ఫ్రెడరిక్ నికల్సన్.

1846లో పుట్టిన ఈ ఆంగ్లేయుడు 1869లో మద్రాసు సివిల్ సర్వీసులో చేరి, కలెక్టరుగా పనిచేశారు. వడ్డీ వ్యాపారి చేతిలో రైతు నలిగిపోవడం కళ్ళారా చూశారు. ప్రభుత్వం పంపగా ఐరోపాలోని గ్రామీణ బ్యాంకులను పరిశీలించి, 1895లో, 1897లో రెండు సంపుటాల నివేదిక సమర్పించారు. జర్మనీలో రైఫైజెన్ స్థాపించిన పరపతి సంఘాల వంటివే మన పల్లెలకు తగినవని తేల్చారు. 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టానికి ఆ నివేదికే దారి తీసింది. ఇవాళ మా నాన్న సొసైటీ గడప తొక్కుతున్నాడంటే ఆ పుణ్యంలో ఆయనకూ భాగముంది.

ఉద్యోగం నుంచి విరమించాక అందరిలా విశ్రాంతి తీసుకోక, సముద్రం వైపు తిరిగారు. జపాన్ మత్స్య పరిశ్రమను చూసివచ్చి 1907లో నివేదిక రాశారు. ఆ ఏడే వెలసిన మద్రాసు మత్స్యశాఖకు ఆయనే మూలపురుషుడు. మన నెల్లూరు తీరం కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోదే.

మలబారు తీరంలో నూనె కవళ్ళు కుప్పలుగా పడేవి. తినగా మిగిలినవి ఇసుకలో ఎండి ఎరువయ్యేవి. కుళ్ళిన చేప నుంచి తీసిన నూనె కంపు కొట్టేది. తాజా చేపను ఉడికించి, పిండి, నూనెను వేరుగానూ పిప్పిని వేరుగానూ తీసే పద్ధతిని నికల్సన్ వ్యాప్తిలోకి తెచ్చారు. తీరం పొడవునా చిన్న కార్ఖానాలు లేచాయి. అంతటితో ఆగక, చేపను ఆహారంగా నిలవచేసే ప్రయోగాలూ చేయించారు.

కానీ నూనె అన్ని నెలల్లో ఒకేలా రాదు. పడమటి తీరంలో కవళ్ళు వానకాలంలో గుడ్లు పెట్టి చిక్కిపోతాయి. వానలు తగ్గేసరికి సముద్రంలో పెరిగిన సూక్ష్మమైన నాచును మేసి, చలికాలానికి కొవ్వు పడతాయి. ఆయన తర్వాత ఆ శాఖను నడిపిన జేమ్స్ హార్నెల్, రామస్వామి నాయుడు గారితో కలిసి 1920లలో ఈ చేప జీవితాన్నీ మేతనూ పరిశోధించారు.

లెక్క వేసి చూద్దాం. వంద గ్రాముల చేపలో మాంసకృత్తులు సుమారు 19 గ్రాములు. కొవ్వు 4 గ్రాములుంటే వచ్చే శక్తి 112 కెలోరీలు. అదే 16 గ్రాములుంటే 220! కొవ్వు పెరిగినప్పుడు తగ్గేది ఎక్కువగా నీరే. అంటే పేదవాడు అదే తూకానికి ఒక నెలలో దాదాపు రెట్టింపు శక్తిని కొంటున్నాడన్నమాట.

నికల్సన్ 1936లో కన్నుమూశారు. ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం ఇంకా బతికే ఉంది. అప్పుడు కవళ్ళు తోటలకు ఎరువుగా పోయేవి. ఇప్పుడు పొడై, రొయ్యల గుంటలకు మేతగా పోతున్నాయి. రొయ్యలు విదేశాలకు పోతాయి. మా జిల్లాలో ఆ గుంటల మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి గనుక నేను వాటిని తప్పుపట్టలేను. కానీ కొవ్వు పట్టిన కాలంలోనైనా కవళ్ళు ముందు మన గంపల్లోకి రావాలి. ఆ తర్వాతే మరబట్టీకి పోవాలి. రైతు అప్పు గురించీ బెస్తవాడి చేప గురించీ ఒకే శ్రద్ధతో ఆలోచించిన ఆ కలెక్టరు నుంచి మనం నేర్చుకోవలసింది ఇదే.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, కొడవలూరు