ఇంట్లో ఉండే బద్ర్ పుణ్యం పొందిన హజ్రత్ ఉస్మాన్ (రజి)

హజ్రత్ ఉస్మాన్ (రజి) పేరు వినగానే మనకు ఆయన దానగుణం గుర్తుకొస్తుంది. రూమా బావిని కొని ముస్లింలందరికీ అంకితం చేసిన దాత ఆయన. తబూక్ సైన్యానికి ఒంటెలు, దీనార్లు సమకూర్చిన సంపన్నుడు. దివ్య ఖుర్ఆన్ ప్రతులు రాయించి ఇస్లామీయ రాజ్యం నలుమూలలకూ పంపిన మూడవ ఖలీఫా. కాని ఆయన జీవితంలో మనం అంతగా చెప్పుకోని ఘట్టం ఒకటుంది. మరణశయ్యపై ఉన్న భార్యకు సేవ చేయడం కోసం ఆయన ఇంటిపట్టునే ఉండిపోయారు. ఆ ఘట్టాన్నే ఈసారి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆయన ఉమయ్యా వంశంలో జన్మించారు. వర్తకంలో మంచి పేరు గడించారు. సిగ్గు, బిడియం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణాలు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా సత్యసందేశం అందగానే ఇస్లాం స్వీకరించారు. ఆ తర్వాత దైవప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి)ను ఆయనకిచ్చి నికాహ్ చేశారు. అంతకుముందు అబూలహబ్ కొడుకుతో కుదిరిన ఆమె సంబంధాన్ని, ఇస్లాం మీది కక్షతో అబూలహబ్ తెంచివేయించాడు.

అవిశ్వాసుల వేధింపులు తీవ్రమయ్యాక, క్రీ.శ. 615లో ఈ దంపతులు అబిసీనియాకు హిజ్రత్ చేశారు. పరాయి దేశంలోనే వారికి అబ్దుల్లాహ్ అనే కొడుకు పుట్టాడు. కొంతకాలానికి మక్కాకు తిరిగివచ్చి, అక్కడినుంచి మళ్ళీ మదీనాకు వలస వెళ్ళారు. సొంత ఊరిని రెండుసార్లు వదులుకోవలసి వచ్చినా ఆ ఇల్లాలు భర్త వెంటే నడిచింది.

హిజ్రీ 2వ సంవత్సరం రమజాన్ నెల, అంటే క్రీ.శ. 624. ఖురైషుల బిడారును అటకాయించడానికి దైవప్రవక్త (స) మదీనా నుంచి బయలుదేరుతున్నారు. సరిగ్గా అప్పుడే హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. అది తట్టు జబ్బని కొందరు చరిత్రకారులు రాశారు. సుమారు 313 మంది అనుచరులు ప్రవక్త వెంట బయలుదేరారు. హజ్రత్ ఉస్మాన్ (రజి)ను మాత్రం భార్యకు సేవ చేస్తూ ఇంటి దగ్గరే ఉండమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆయన ఆ ఆదేశాన్ని శిరసావహించారు.

ఆ రోజుల్లో ఆసుపత్రులు లేవు. రోగికి నీళ్ళు తాగించడం, ఒళ్ళు తుడవడం, పక్క సర్దడం, రాత్రి మేలుకొని కూర్చోవడం, అన్నీ ఇంటివాళ్ళే చూసుకోవాలి. అల్లాహ్ నిర్ణయం మరోలా ఉంది. జబ్బు నయం కాలేదు. తండ్రి ఇంకా ప్రయాణంలో ఉండగానే హజ్రత్ రుఖయ్యా (రజి) కన్నుమూశారు. ఆమె సమాధిపై మట్టి సర్దుతున్న సమయంలోనే హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) బద్ర్ విజయవార్త తీసుకొని మదీనా చేరుకున్నారు. ఒకే ఘడియలో ఆ ఊరికి గెలుపూ తెలిసింది, ఆ ఇంటికి శోకమూ మిగిలింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యం, వారికి వచ్చే యుద్ధధనంలో వాటా రెండూ ఉస్మాన్‌కు ఉన్నాయని దైవప్రవక్త (స) ప్రకటించారు. కత్తి పట్టకపోయినా, రణరంగంలో అడుగు పెట్టకపోయినా ఆయన బద్ర్ వీరులతో సమానమయ్యారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక వ్యక్తి హజ్‌కు వచ్చి, ఉస్మాన్ బద్ర్‌కు వెళ్ళలేదు కదా అని ఎత్తిపొడిచాడు. అప్పుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఈ సంగతే వివరించి అతని నోరు మూయించారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? వైద్యులు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్న రోగి మంచంలో ఉంటే, ఆ భారమంతా ఒక్క కోడలిపైనో, కూతురిపైనో పడుతుంది. మగవాళ్ళు డబ్బిచ్చి, పరామర్శించి, తమ పని అయిపోయిందనుకుంటారు. మంచి పనులే కావచ్చు, వాటి పేరు చెప్పి ఊళ్ళు తిరుగుతారు. రోగి సేవ ఆడవాళ్ళ పని అనుకునే సోదరులు ఈ ఘట్టాన్ని ఒకసారి ఆలోచించాలి. అక్కడ సేవకు నిలిచింది భర్త, నిలబెట్టింది దైవప్రవక్త (స).

కదలలేని రోగిని ఒకే పక్కన ఎక్కువసేపు ఉంచితే వీపున పుండ్లు పడతాయి. రెండేసి గంటలకు పక్క మార్చమని వైద్యులు చెబుతారు. పెదాలు తడుపుతూ ఉండాలి. నొప్పి తగ్గే మందులు వైద్యుడు రాసిచ్చినట్టు వేళకు ఇవ్వాలి. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజ్ చేసుకునేందుకు, నీళ్ళు వాడలేకపోతే తయమ్ముమ్ చేసుకునేందుకు తోడ్పడాలి. చివరి ఘడియల్లో విసిగించకుండా మెల్లగా కలిమా గుర్తు చేయాలి. ఇంట్లోవాళ్ళు వంతులు వేసుకుంటే ఏ ఒక్కరూ అలసిపోరు.

హిజ్రీ 35లో తిరుగుబాటుదారులు హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని చుట్టుముట్టారు. రూమా బావిని దానం చేసిన ఆ మహనీయునికే నీళ్ళు అందకుండా చేశారు. ఖుర్ఆన్ పఠిస్తున్న స్థితిలో ఆయన షహీద్ అయ్యారు. ఆయనపై పడుతున్న కత్తిని అడ్డుకోబోయి భార్య హజ్రత్ నాయిలా చేతివేళ్ళు పోగొట్టుకున్నారు. భార్య మంచం పక్కన నిలిచిన ఆయనకు చివరి క్షణంలో భార్యే అడ్డు నిలిచింది.

మన ఇళ్ళలోని రోగులను భారంగా కాక, పుణ్యం సంపాదించుకునే అవకాశంగా భావించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.