కర్రీ పఫ్ వెనక కన్నీటి కథ.. పదేళ్లకే వీధిన పడ్డ కుర్రాడు రాజుల వంటగాడయ్యాడు, చివరికి పొయ్యి పొగే ప్రాణం తీసింది!

విశాఖపట్నం: సాయంత్రం ఆరయితే చాలు.. గాజువాక అయినా, డాబాగార్డెన్స్ అయినా బేకరీల ముందు కర్రీ పఫ్, ఎగ్ పఫ్ కోసం జనం క్యూ కడతారు. స్టీల్ ప్లాంట్ షిఫ్ట్ దిగి ఇంటికెళ్లేవాళ్లు, పోర్టు పని ముగించుకుని వచ్చేవాళ్లు, ట్యూషన్ నుంచి బయటపడ్డ పిల్లలు.. అందరి చేతుల్లోనూ అదే. కొరికితే పొరలు పొరలుగా రాలిపోయే ఆ పిండి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో కూడా ఎక్లేర్, క్యారమెల్ కస్టర్డ్, మిల్ ఫాయ్ లాంటి ఫ్రెంచ్ స్వీట్లు చేసే ముచ్చట బాగా పెరిగింది. వీటిలో చాలావాటికి కొలత, పద్ధతి, పేరు తెచ్చిపెట్టినవాళ్లలో ముందు వరుసలో ఉండే మనిషి మారీ ఆంటువాన్ కారెమ్. రాజులకు వంటవాడు, వంటవాళ్లకు రాజు అని పేరు పడ్డ ఈయన జీవితం మాత్రం స్వీటుగా సాగలేదు.

విశాఖకు వచ్చిన పాటిస్సియే

కారెమ్ కథలోకి వెళ్లేముందు ఓ విశేషం. విశాఖకు ఫ్రెంచ్ వాళ్లు కొత్తేమీ కాదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. అదే ఏడాది జూన్‌లో ఫ్రెంచ్ సేనాని బుస్సీ విశాఖలోని ఇంగ్లీషు వాళ్ల స్థావరాన్ని పట్టుకున్నాడు. ఆయన పూర్తి పేరు చార్లెస్ జోసెఫ్ పాటిస్సియే ద బుస్సీ. ఫ్రెంచ్‌లో పాటిస్సియే అంటే కేకులు, పేస్ట్రీలు చేసేవాడు అని అర్థం! బుస్సీకి అది ఇంటిపేరు మాత్రమే, చేతిలో ఉన్నది గరిటె కాదు, కత్తి. ఆ తర్వాత రెండేళ్లలోపే ఉత్తర సర్కారులు ఫ్రెంచ్ వాళ్ల చేతి నుంచి జారిపోయాయి. గోదావరి పాయ పక్కన యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచ్ ఏలుబడిలోనే ఉంది.

బుస్సీ 1785లో పుదుచ్చేరిలో చనిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్యారిస్‌లో, నిజంగా పాటిస్సియే కాబోయే ఓ పిల్లాడు పేదింట్లో పాకుతున్నాడు.

నాన్నే వీధిలో వదిలేశాడు

కారెమ్ పుట్టింది జూన్ 8న. సంవత్సరం 1783 అని ఒక లెక్క, 1784 అని ఇంకో లెక్క. తండ్రి రోజు కూలీ. ఇంటినిండా పిల్లలు. పైగా ఫ్రెంచ్ విప్లవం రోజులు.. రొట్టె కోసం జనం రోడ్డెక్కిన కాలం. కారెమ్‌కు పదేళ్లు వచ్చేసరికి తండ్రి ఓ సాయంత్రం పిల్లాడిని బయటకు తీసుకెళ్లాడు. కాస్త తిండి పెట్టించాడు. ఇక నీ బతుకు నువ్వు చూసుకో, మంచి ఇల్లు ఏదైనా దొరకకపోదు అని చెప్పి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ కుటుంబాన్ని కారెమ్ మళ్లీ చూడలేదని చెబుతారు.

ఆ రాత్రి ఓ చిన్న పూటకూళ్ల ఇల్లు తలుపు తీసింది. తిండి, పడుకోవడానికి చోటు ఇస్తే చాలని పిల్లాడు పనిలో చేరాడు. గిన్నెలు తోమడం, కూరలు తరగడం, పొయ్యి రాజేయడం.. కొన్నేళ్లు అలాగే గడిచాయి. ఇవాళ కూడా హోటల్ వెనక గుమ్మం దగ్గర ప్లేట్లు కడుగుతూ వంట మాస్టర్లుగా ఎదిగినవాళ్లు మన ఊళ్లలో బోలెడంత మంది ఉన్నారు. వాళ్లందరికీ కారెమ్ పెద్దన్న లాంటివాడు.

పగలు పిండి.. తీరిక దొరికితే లైబ్రరీ

పదహారేళ్ల లోపే కారెమ్‌కు పెద్ద అవకాశం దొరికింది. ప్యారిస్‌లో అప్పట్లో మంచి పేరున్న సిల్వాన్ బైయీ అనే పేస్ట్రీ మాస్టర్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆ షాపుకు దగ్గర్లోనే జాతీయ గ్రంథాలయం ఉండేది. కుర్రాడిలో పట్టుదల చూసిన బైయీ, పని మధ్యలో అక్కడికి వెళ్లి చదువుకోవడానికి సెలవు ఇచ్చాడు. కారెమ్ జీవితాన్ని మార్చింది ఇదే.

చదువు లేని ఆ కుర్రాడు తనంతట తానే అక్షరాలు నేర్చుకున్నాడు. గ్రంథాలయంలోని బొమ్మల విభాగంలో కూర్చుని గ్రీసు, రోమ్, ఈజిప్టు, చైనా, ఇండియా కట్టడాల చిత్రాలు చూసి గీసుకునేవాడు. ఆ తర్వాత అదే గోపురాన్ని, అదే స్తంభాల మండపాన్ని చక్కెరతో, పిండితో కట్టేవాడు. బైయీ షాపు అద్దాల వెనక ఆ స్వీటు భవనాలు పెడితే జనం ఆగి మరీ చూసేవారు. ఇండియా గడ్డ మీద అడుగు పెట్టకుండానే మన కట్టడాల తీరును చక్కెరలో ప్రయత్నించిన మనిషి ఆయన.

ఇదంతా పాకం మీద పట్టు ఉంటేనే సాధ్యం. మన ఇళ్లలో అరిసెలకు, లడ్డూకు చూసే తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం ఉన్నాయి కదా.. ఫ్రెంచ్ వంటలోనూ అచ్చం అలాంటి మెట్లే ఉన్నాయి. చల్లని నీళ్లలో ఓ చుక్క వేసి వేలితో నొక్కి చూసే పద్ధతి కూడా ఇక్కడా అక్కడా ఒక్కటే.

రాజుల టేబుల్ మీద..

కొద్ది కాలానికే కారెమ్ సొంత షాపు పెట్టాడు. ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి తాలిరాండ్ కళ్లలో పడ్డాడు. వంటగాడిగా తీసుకునే ముందు తాలిరాండ్ ఓ పరీక్ష పెట్టాడని ప్రసిద్ధ కథ. ఏడాది పొడవునా చేసిన వంటకం మళ్లీ చేయకుండా, ఆ సీజన్‌లో దొరికే సరుకులతోనే మెనూ రాయమన్నాడట. కారెమ్ అందులో నెగ్గాడు. ఆ తర్వాత పేస్ట్రీతో ఆగకుండా మొత్తం వంటలోనే ఆరితేరాడు.

1810లో నెపోలియన్ రెండో పెళ్లి విందుల్లో పనిచేశాడు. 1814లో రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ ప్యారిస్ వచ్చినప్పుడు ఆయనకూ వండిపెట్టాడు. 1816లో ఇంగ్లండ్ యువరాజు పిలిపించుకున్నాడు. బ్రైటన్‌లో ఆ యువరాజు ప్యాలెస్‌కు బయట హిందుస్థానీ తరహా గుమ్మటాలు కట్టిస్తున్న రోజులవి. 1817 జనవరిలో అక్కడ రష్యా రాజకుమారుడికి ఇచ్చిన ఒక్క విందులోనే వందకు పైగా వంటకాలు చేశాడు. జీతం ఎంత ఇచ్చినా ఇంగ్లండ్ వాతావరణం, ఆ ముసురు ఆయనకు పడలేదు. ఎక్కువ కాలం ఉండకుండా తిరిగి వచ్చేశాడు. చివర్లో బ్యాంకర్ జేమ్స్ రోత్‌షీల్డ్ ఇంట్లో కొన్నేళ్లు పనిచేశాడు.

చక్కెర కరువులోనూ చక్కెర కోటలు

కారెమ్ పెరిగిన కాలంలో చక్కెర అంత సులువుగా దొరికేది కాదు. ఫ్రాన్స్‌కు చక్కెర వచ్చేది కరీబియన్ దీవుల నుంచి. అక్కడి తోటల్లో చెరకు నరికింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1791లో ప్రస్తుత హైతీలో బానిసలు తిరగబడ్డారు. ఆ తర్వాత ఇంగ్లీషు నౌకాదళం సముద్ర దారులు మూసేసింది. దాంతో చక్కెర ధర మండిపోయింది. నెపోలియన్ ప్రభుత్వం బీట్ దుంప నుంచి చక్కెర తీయించడం మొదలుపెట్టింది అందుకే. పక్కనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్న విశాఖ వాళ్లకు ఈ కొరత ఊహకు అందదు. కానీ రేవు మూతపడితే ఊరి తిండి ఎలా మారిపోతుందో పోర్టు సిటీకి వేరే చెప్పక్కర్లేదు.

పొరల లెక్క ఇదీ

పఫ్ పిండిని కారెమ్ కనిపెట్టలేదు. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ వంట పుస్తకాల్లోనే అది ఉంది. ఆయన చేసిందేమిటంటే ఆ పనికి క్రమం తేవడం, కొలతలతో రాసి పెట్టడం. కలిపిన మైదా పిండిలో వెన్న దిమ్మ పెట్టి మూసి, పొడవుగా వత్తి, మూడు మడతలు వేస్తారు. మళ్లీ వత్తి మళ్లీ మూడు మడతలు. ఇలా ఆరుసార్లు చేస్తే వెన్న 729 పొరలవుతుంది. ఓవెన్ వేడికి పిండిలోని నీరు ఆవిరై ఒక్కో పొరను పైకి లేపుతుంది. అందుకే పఫ్ పొంగుతుంది, ఇందులో సోడా ఏమీ ఉండదు. మిల్ ఫాయ్ అంటే వెయ్యి ఆకులు అని అర్థం. మడత కాజా తిన్నవాళ్లకు, ఆత్రేయపురం పూతరేకు విప్పినవాళ్లకు ఈ పొరల సరదా కొత్తగా చెప్పాలా?

ఇంట్లో చేయాలంటే పావుకిలో మైదాకు పావుకిలో ఉప్పులేని వెన్న లెక్క. విశాఖలో అసలు చిక్కు ఉక్కపోత. వెన్న కరిగితే పొరలు కలిసిపోతాయి, పని చెడిపోతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టడం, రెండు మడతలకోసారి అరగంట ఫ్రిజ్‌లో పెట్టడం ఒక్కటే దారి. చాలా బేకరీలు వెన్న బదులు మార్జరిన్ వాడేది ఇందుకే. అది అంత త్వరగా కరగదు, ధర కూడా తక్కువ.

మొదటిసారి చేసేవాళ్లకు ఎక్లేర్ పిండి తేలిక. పావు లీటరు నీళ్లలో 100 గ్రాముల వెన్న వేసి మరిగించి, 150 గ్రాముల మైదా ఒక్కసారే పోసి గట్టిగా కలపాలి. ఉప్పుడు పిండిలా గిన్నె అంచులు వదిలాక దించి, కాస్త చల్లారనిచ్చి, నాలుగు గుడ్లు ఒక్కొక్కటిగా కలపాలి. 200 డిగ్రీల వేడిలో దాదాపు అరగంట. మధ్యలో ఓవెన్ తలుపు తీస్తే పొంగింది కాస్తా కూలిపోతుంది.

ఓవెన్ లేనివాళ్లకు క్యారమెల్ కస్టర్డ్ ఉండనే ఉంది. అర లీటరు గోరువెచ్చని పాలు, నాలుగు గుడ్లు, 100 గ్రాముల చక్కెర కలిపి వడకట్టి, అడుగున ఎర్రగా కాచిన పాకం పోసిన గిన్నెలో వేసి మూత పెట్టి, ఇడ్లీ పాత్రలో సన్నని సెగ మీద ఆవిరి పట్టిస్తే చాలు. మంట పెద్దదైతే కస్టర్డ్ నిండా చిల్లులు పడతాయి. తెల్లసొన నురగతో చేసే మెరింగ్ మాత్రం వానాకాలం విశాఖలో చేయకపోవడమే మంచిది. గాలిలో తేమ తాగి గంటలో జిగటగా మారిపోతుంది.

48 ఏళ్లకే ఎందుకు పోయాడు?

కారెమ్ రోజుల్లో గ్యాస్ పొయ్యి లేదు. బొగ్గు కణకణలాడుతుంటే గంటల తరబడి నిలబడి వండాలి. వడ్డించే సమయానికి వంటకాలు చల్లారకూడదని కిటికీలు, తలుపులు కూడా మూసేసేవారు. గాలి ఆడని ఆ గదిలో మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. వంటవాళ్లను చంపేది ఈ బొగ్గే అని కారెమ్‌కు తెలుసు. తన రాతల్లో ఆ సంగతి చెప్పాడు కూడా. అయినా పొయ్యి వదల్లేదు.

ఆరోగ్యం చెడ్డాక రాతపని మీద పడ్డాడు. 1815లోనే పేస్ట్రీ మీద పుస్తకాలు అచ్చు వేశాడు. వాటిలో బొమ్మలు కూడా ఆయనే గీశాడు. చివరిగా ఫ్రెంచ్ వంట మొత్తం మీద పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. మూడు సంపుటాలు పూర్తయ్యాయి. 1833 జనవరి 12న ప్యారిస్‌లో కన్నుమూశాడు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గుపొగే ఆయన్ను తీసుకెళ్లిందని చరిత్రకారులు చెబుతారు. మిగతా రెండు సంపుటాలు ప్లూమరే అనే మరో వంట మాస్టర్ రాసి పూర్తి చేశాడు. రాజుల ఇళ్లలో వంటింటి దొరలా తిరిగిన మనిషి మోంమార్త్ శ్మశానంలో మామూలు సమాధిలో పడుకున్నాడు.

విశాఖ వంటిళ్లకు ఇదే పాఠం

కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసే ఉక్కు కార్మికులకు ఈ వాయువు సంగతి బాగా తెలుసు. అక్కడ గ్యాస్ మీటర్లు ఉంటాయి, అలారాలు ఉంటాయి, ట్రైనింగ్ ఉంటుంది. కానీ కల్యాణ మండపం వెనక రేకుల షెడ్డులో కట్టెలు, బొగ్గులు పెట్టి వందల మందికి వండే మాస్టర్‌కు ఏ అలారమూ లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు అనిపించడం మొదటి గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే బయట గాలికి రావాలి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్రిల్ అస్సలు వెలిగించకూడదు. వంటింటి కిటికీ తెరిచే ఉంచాలి.

పేరు తెలిసినా తెలియకపోయినా, బీచ్ రోడ్డులో పఫ్ కొరికే ప్రతి ఒక్కరూ కారెమ్ సరిచేసిన పొరల్లో కొన్ని తింటున్నట్టే. చక్కెరతో కోటలు కట్టిన ఆయనకు తన వంటగదిలో ఒక్క కిటికీ తెరిపించుకోవడం మాత్రం సాధ్యం కాలేదు. ఈ ఆదివారం ఇంట్లో ఎక్లేర్లు చేసేవాళ్లు ఓవెన్ కంటే ముందు కిటికీ తెరిస్తే సరి.