హైదరాబాదు కోడలు కమలాదేవి

హైటెక్ సిటీ పక్కన శిల్పారామంలో లక్క గాజులు, వెండితీగ కమ్మలు బేరమాడతాం. నగ పెట్టుకున్నవారినేగానీ చేసినవారి పేరు ఎవరడుగుతారు? అడిగినావిడ కమలాదేవి ఛటోపాధ్యాయ. 1903లో మంగళూరులో పుట్టారు. చిన్నతనంలోనే భర్త పోయారు. మద్రాసు కాలేజీలో దొరికిన నేస్తం సుహాసిని, సరోజినీనాయుడి చెల్లెలు. ఆ స్నేహంతోనే సుహాసిని అన్న హరీంద్రనాథ్‌ను పెళ్లాడి హైదరాబాదు ఇంటి కోడలయ్యారు. వితంతువుకు మళ్లీ పెళ్లా అని లోకం ముక్కున వేలేసుకుంది. ఆ కాపురమూ నిలవలేదు, పాపం. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పగ్గాలు పట్టి ఊరూరా తిరిగారు. మన శ్రీకాళహస్తి కలంకారీకి ఊపిరి పోశారు. పనివాళ్లను పేరుపెట్టి పిలిచి జాతీయ అవార్డులిచ్చే పద్ధతి 1965లో ఆమె చొరవతోనే మొదలైంది. 1988లో కన్నుమూశారు. తర్వాత వచ్చిన శిల్పారామాన్ని ఆమె చూడలేదు.