తిరిగిరాని ఉత్తరములు

విక్టోరియా రాణి కాలమునాటి తేలని హత్యలను గూర్చిన గ్రంథములు చదువుటలో ఒక వింత రుచి కలదు. అపరాధ పరిశోధక నవలలో చివరి పుటకు హంతకుడు దొరకును. వీనిలో దొరకడు. పుస్తకము మూసిన పిమ్మటను విచారణ పాఠకుని మనస్సున సాగుచునే యుండును. అట్టి గ్రంథములలో పలుమారు కనబడు పేరు మడలీన్ స్మిత్.

ఆమె 1835లో స్కాట్లాండునందలి గ్లాస్గో నగరమున నొక సంపన్నుడగు వాస్తుశిల్పికి కుమార్తెగా జన్మించెను. 1855లో ఆమెకు లాంజెలియే అను యువకునితో పరిచయ మేర్పడెను. అతడు జెర్సీ ద్వీపమునుండి వచ్చిన స్వల్పవేతనపు గుమాస్తా. తండ్రి ఆ స్నేహమును నిషేధించెను. ప్రణయము ఉత్తరములలో దాగి పెరిగెను. ఆమె పడకగది కిటికీ వీధి మట్టమున నుండుటచే రాత్రులందు ఊచల సందునుండి మాటలును, జాబులును సాగెడివి. ఆనాటి పెద్దయింటి కన్య తలచుటకైన జంకు సంగతులను ఆమె జంకక వ్రాసెను.

1857 జనవరిలో ఆమె మినక్ అను వర్తకుని వివాహమాడుట కంగీకరించి, తన జాబులను తిరిగి యిమ్మని లాంజెలియేను కోరెను. అతడీయలేదు, ఆమె తండ్రికి చూపుదునని బెదరించెను. ఆమె ఎంతో దీనముగా వేడుకొనెను. ఆ దినములలోనే, ఎలుకలకని చెప్పి, అంగడి పుస్తకమున తన పేరే వ్రాసి పాషాణము కొనెను. మార్చి 23న లాంజెలియే మరణించెను. అతని కడుపులో 80 గ్రెయినులకు మించిన పాషాణ ముండెను.

ఎడింబరోలో విచారణ తొమ్మిది దినములు జరిగెను. అంగళ్ళలో అమ్ము పాషాణమున మసియో నీలిమందో కలుపవలెనని 1851నాటి చట్టము. శవమునందు ఆ రంగుల జాడ కానరాలేదు. చివరి రాత్రి వారిరువురును కలిసికొనిరని ఎవరును చెప్పజాలరైరి. మృతుని దినచర్య పుస్తకమును న్యాయమూర్తులు సాక్ష్యముగా స్వీకరింపలేదు. ముద్దాయి తన పక్షమున తాను సాక్ష్యమిచ్చుటకు ఆనాటి చట్ట మొప్పదు. కావున ఆమెకు మారుగా మాటలాడినవి ఆ యుత్తరములే. తండ్రి కంట పడరాదని ఆమె ప్రాధేయపడిన జాబులు నిండు న్యాయస్థానమున చదువబడినవి, పత్రికల కెక్కినవి.

పదునైదుగురు జ్యూరీ సభ్యులు మొదటి విషప్రయోగ నేరము లేదనిరి. తక్కిన రెండింటిని, హత్యతో సహా, రుజువు కాలేదని తీర్పిచ్చిరి. దోషియు గాదు, నిర్దోషియు గాదన్నట్టి ఈ స్కాట్లాండు తీర్పును రద్దు చేయు చట్టమును అచ్చటి శాసనసభ 2025లో ఆమోదించినది. విల్కీ కాలిన్సు 1875లో ఇట్టి తీర్పునే ఆధారముగా గొని నవల వ్రాసెను.

ఈ గ్రంథములు చదువు మనము ఆమెను గూర్చియే తర్కింతుము. లాంజెలియే మంచివాడు కాకపోవచ్చును. అయినను బెదరింపునకు మరణము శిక్ష కాదు. అతనిని చంపినదెవరో తేలనేలేదు. ఆ యువకుని మనము త్వరగా మరతుము.

మడలీను ఇంగ్లండు చేరి, 1861లో వార్డిల్ అను చిత్రకారుని పెండ్లాడి, ఇరువురు బిడ్డల తల్లియయ్యెను. భర్త తరువాత కవియు కళాకారుడునగు విలియం మారిస్ సంస్థకు నిర్వాహకుడయ్యెను. ఆమె సోషలిస్టుల సమావేశములలో పాల్గొనెను. వార్ధక్యమున అమెరికా చేరి, తొంబది మూడవయేట 1928లో మరణించెను. అంతకు ముందటి యేడే, ఆమె బ్రతికి యుండగనే, ఆ విచారణ గ్రంథ మొకటి ఉత్తరములతో కూడ అచ్చయ్యెను.