థోరో మహాశయుని చరిత్రము

మన వార్షిక మహాసభ సంచికకై యెవరేని యొక మహాపురుషుని చరిత్రమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన కులమున జన్మించిన పెద్దలను గూర్చి నాకంటె బాగుగ నెఱిగినవారు పలువురు వ్రాయుచునే యున్నారు. కావున నేను మన కులమువాడును, మన దేశమువాడును గానట్టి యొకని నెన్నుకొంటిని. ఇట్లేల చేసితినని చదువరు లడుగవచ్చును. నేను ఉద్యోగము విరమించి, అద్దెయిల్లు ఖాళీచేసి, స్వగ్రామమునకు బోవునాడు సామానునకు రెండు బండ్లు చాలక మూడవ బండిని పిలువవలసి వచ్చెను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు అపరిగ్రహ శబ్దమునకు అర్థము చెప్పినవాని యింట నవి యెల్ల నెట్లు చేరెనో నాకే తెలియలేదు. ఆ మూడవ బండి వెనుక నడచుచుండగా నాకు జ్ఞప్తికి వచ్చినవాడు హెన్రీ డేవిడ్ థోరో.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మస్సాచుసెట్సు రాష్ట్రమున కాంకర్డు అను చిన్న పట్టణము గలదు. థోరో అచ్చట 1817 వ సంవత్సరము జూలై 12 వ తేదీని జన్మించెను. తండ్రి పెన్సిళ్లు చేసి యమ్మువాడు. తల్లి యింట బాడుగకు మనుష్యులను పెట్టుకొని, వారికి వండిపెట్టి, సంసారమునకు చేయూత యొసగుచుండెను. కలిగినవారు కారు, అయినను కుమారుని 1833 మొదలు 1837 వఱకు హార్వర్డు కళాశాలలో చదివించిరి.

చదువు ముగియగానే యతడు స్వగ్రామపు బడిలో నుపాధ్యాయుడయ్యెను. ఈ ఘట్టమును నేను, చేత బెత్తము పట్టినవాడను గనుక, విడిచిపోజాలను. బడి పాలకవర్గములోని యొకరు తనిఖీకి వచ్చి, కొట్టకున్నచో బడి యదుపులో నుండదని యతనిని మందలించిరి. థోరో కొందఱు పిల్లలను కొట్టెను. కొట్టిన వెంటనే ఉద్యోగమునకు రాజీనామా యిచ్చెను. అది దేశమంతట వ్యాపారములు కూలి, పనులు దొరకని సంవత్సరము. అట్టి కాలమున చేతిలోని జీతమును వదలుకొనుట తెలివియని యెవరును అనలేదు. నా కాలమున నాకును అట్టి తనిఖీలు జరిగినవి. నేను రాజీనామా యియ్యలేదు.

1838 లో నతడును అన్న జానును కలిసి సొంతముగ నొక పాఠశాల నడపిరి. అందు దెబ్బలు లేవు. పిల్లలను పొలములకు, ఏటియొడ్డునకు గొనిపోయి పాఠములు చెప్పుచుండిరి. 1841 లో జాను ఆరోగ్యము చెడుటచే బడి మూతపడెను. మఱుసటి జనవరిలో జాను మంగలికత్తి సానపట్టుచుండగా వ్రేలికి చిన్న గాటు పడెను. దానివలన ధనుర్వాతము పుట్టి యతడు తమ్ముని చేతులలోనే ప్రాణములు విడిచెను. అంతకు మునుపు 1839 లో అన్నదమ్ములిద్దఱును తాము కట్టుకొనిన పడవపై నదీయాత్ర చేసి యుండిరి. ఆ యాత్రను గ్రంథముగా వ్రాసి యన్న కర్పింపవలెనని థోరో తలపెట్టెను. అతడు కొలనియొడ్డునకు పోవుటకు గల కారణములలో నిది ముఖ్యమైనది. లోకముపై విసిగి యడవికి బోయెనని పలువు రనుకొందురు, అది సరికాదు. వ్రాయదలచిన గ్రంథమునకు తీరిక కావలెను. తీరిక కొనుటకు ధనము లేదు. కావున వ్యయమును తగ్గించి తీరికను సంపాదించెను.

కాంకర్డునకు మైలున్నర దూరమున వాల్డెను అను లోతైన కొలను గలదు. అచ్చటి కొంత నేలను అతని మిత్రుడును గురుస్థానీయుడును నగు ఎమర్సను 1844 లో కొనెను. 1845 మార్చి నెలాఖరున థోరో యొక గొడ్డలి నెరవు తెచ్చుకొని పైను చెట్లను కొట్ట నారంభించెను. (ఎరవు తెచ్చినదానికంటె పదునుగా దానిని తిరిగి యిచ్చెనట. మన వీథిలో ఎరవు బోయిన వస్తువుల గతి యెల్లరకు దెలిసినదే.) రైలుదారి పనికి వచ్చిన ఐర్లండు దేశపు కూలివాని గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, విప్పి, ఆ పలకలను ఎండలో నాఱబెట్టి వాడుకొనెను. ఇల్లు 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. జూలై 4 వ తేదీని, అనగా అమెరికనులు స్వాతంత్ర్యోత్సవము జరుపుకొను దినమున, గృహప్రవేశము చేసెను.

ఆ యింటికి మొత్తము 28 డాలర్ల 12½ సెంట్లయ్యెను. మేకులకు, గొళ్లెమునకు, సున్నమునకు సహా పద్దులు వ్రాసి గ్రంథమున ప్రకటించినాడు. తాను చదివిన కళాశాలలో నంతకంటె కొంచెము పెద్దదగు గదికి ఏటి యద్దె 30 డాలర్లని లెక్కచూపినాడు. లోపల నొక మంచము, భోజనపు బల్ల, వ్రాతబల్ల, మూడు కుర్చీలు, మూడంగుళముల యద్దము, వంటకు కొలది పాత్రలు, మూడు పళ్లెములు, ఒక గిన్నె, ఒక గరిటె, ఒక దీపము. వ్రాతబల్లపై నుంచుకొనిన మూడు సున్నపురాళ్లకు ప్రతిదినము దుమ్ము తుడువవలసి వచ్చుచున్నదని వానిని కిటికీలోనుండి బయట పాఱవేసెను. ఒక గృహిణి కాళ్లు తుడుచుకొను పట్టా యొకటి యిచ్చుటకు రాగా, దానిని దులుపుటకు తనకు కాలము లేదని మర్యాదగా నిరాకరించెను.

అతని యభిప్రాయమున నొక వస్తువు వెల యనగా దానికై మనము ధారపోసిన యాయుర్దాయమే. ఈ కొలతను నేను నాకే పట్టి చూచుకొంటిని. నా రెండవ కుమార్తె వివాహమునకు చేసిన ఋణము తీఱుటకు 9 సంవత్సరములు పట్టెను. పందిరి మూడు దినములు నిలిచెను. ఆ తొమ్మిదేండ్లలో సాయంకాలములు ట్యూషనులు చెప్పితిని. చదువదలచిన ధ్వన్యాలోకమును వ్యాఖ్యాన సహితముగా చదువనే లేదు. అల్లుడు మంచివాడు, అమ్మాయి సుఖముగా నున్నది. అవి పందిరివలన గలిగినవి కావు. వివాహవ్యయములు తగ్గింపవలెనని మన సభలలో చప్పట్ల నడుమ తీర్మానించి, మాఘమాసము రాగానే మఱచుటలో నేనును అందఱివంటివాడనే.

మొదటి వేసవిలో థోరో రెండున్నర యెకరముల నేలలో ముఖ్యముగా చిక్కుడు వేసి, కర్చులు పోగా 8 డాలర్ల 71½ సెంట్లు మిగుల్చుకొనెను. ఆహారమునకు వారమునకు 27 సెంట్లు మాత్రమే వ్యయమయ్యెను. ఏటికి ఆఱు వారముల కూలిచే తన పోషణ మంతయు జరుగునని లెక్కతేల్చెను. మిగిలిన కాలము చదువునకు, వ్రాతకు, నడకకు, పక్షులను, చేపలను, మంచును పరిశీలించుటకు వినియోగించెను. కొలని లోతును తాడుతో కొలిచి పటము గీసెను. తఱచుగా ఊరిలోనికి బోయి తల్లియింట భుజించుచుండెను. దీనిని బట్టి యతనిది కపటవిరక్తి యని యెగతాళి చేసినవారు గలరు. అతడు సన్న్యసించితినని ఎన్నడును చెప్పుకొనలేదు గదా! కొడుకు వచ్చిన, తల్లి యన్నము పెట్టక పొమ్మనునా? అతనియందు నిజముగ దోషము చూపవలెనన్నచో వేఱొకటి గలదు. 1844 ఏప్రిలులో చేపలు వండుకొనుటకు నిప్పుచేసి, అజాగ్రత్తచే నూర్లకొలది యెకరముల యడవిని కాల్చివేసెను. ఊరివారు చాలకాలము దానిని మఱువలేదు.

మనకు ముచ్చట గొలుపు విషయము మఱొకటి. విల్కిన్సు దొర 1785 లో నింగ్లీషు చేసిన భగవద్గీతను థోరో వాల్డెనులో చదువుచుండెను. భారతీయ తత్త్వమును ప్రేమించు తనకు బియ్యము తినుట తగునని సంతోషించెను. 1846-47 శీతకాలమున ఆ కొలను గడ్డకట్టినప్పుడు, మంచు వ్యాపారి పంపిన నూఱుగురు కూలీలు వచ్చి మంచును కోసి గుట్టగా పేర్చిరి. ఆ కాలమున బోస్టను ప్రాంతపు మంచుగడ్డలు ఓడలపై మద్రాసునకు, బొంబాయికి, కలకత్తాకు వచ్చుచుండెను. ఆ మంచును నిలువజేయుటకు 1842 లో కట్టిన ఐస్ హౌసు నేటికిని మద్రాసు సముద్రతీరమున నిలిచియున్నది. 1897 లో వివేకానందస్వామి బసచేసినది యందే. తాను గీత చదువు కొలని నీరు గంగాజలముతో కలియబోవుచున్నదని థోరో యూహించి పొంగిపోయెను. వాస్తవమునకు ఆ యేటి మంచుగుట్టలో చాలభాగము విపణికి చేరక అచ్చటనే కరగి, మరల ఆ కొలనిలోనికే పోయెను.

1846 జూలైలో నతడు బాగుచేయించుటకిచ్చిన చెప్పును తెచ్చుకొనుటకై యూరిలోనికి బోగా, తలపన్ను చెల్లింపలేదని పట్టి చెఱసాలలో నుంచిరి. బానిసత్వమును పోషించుచు మెక్సికోపై దండెత్తిన ప్రభుత్వమునకు పన్ను కట్టనని యతని పట్టుదల. ఎవరో బంధువులు రహస్యముగా పన్ను చెల్లించుటచే మఱునాడు విడిచిపెట్టిరి. అతడు నేరుగా బోయి చెప్పు తీసికొని, పిల్లలతో కలిసి అడవిపండ్లు కోయుటకు వెడలెను. ఆ యొక్క రాత్రిని గూర్చి వ్రాసిన వ్యాసము 1849 లో అచ్చుపడెను. గాంధీ మహాత్ముడు 1907 లో దక్షిణాఫ్రికాలో దానిని తన పత్రిక ఇండియన్ ఒపీనియనున పరిచయము చేసెను. తరువాతి కథ మన తాతలు అనుభవించి చెప్పినదే.

1847 సెప్టెంబరు 6 వ తేదీని, అనగా రెండేండ్ల రెండు నెలలకు, థోరో కొలనిని విడిచి ఊరు చేరెను. వచ్చిన పని తీఱినది. అచ్చటనే యుండవలెనను పట్టుదలయు నొక మూటయే యని యతడు తలచెనేమో. అన్న స్మృతిగా వ్రాసిన గ్రంథము 1849 లో 1000 ప్రతులు వెలువడెను. అమ్ముడుపోక, 1853 లో ప్రకాశకుడు 706 ప్రతులను బండిపై ఇంటికి పంపెను. వస్తువులను వదిలించుకొనిన యతడు వానిని వీపున మోసి మేడమీదికి చేర్చుకొనవలసి వచ్చెను! అచ్చుకూలి ఋణమును పెన్సిళ్లు చేసి, భూములు కొలిచి, సంవత్సరముల తరబడి తీర్చెను. వాల్డెను గ్రంథమును ఏడుమారులు తిరుగవ్రాసి 1854 ఆగస్టులో ప్రకటించెను.

1855 నవంబరులో, ఛమ్లీ యను ఇంగ్లీషు మిత్రుడు పంపిన 44 సంపుటముల భారతీయ గ్రంథములు థోరో ఇంటికి చేరెను. అందు ఉపనిషత్తులు, మనుస్మృతి, విష్ణుపురాణము మున్నగునవి గలవు. అవి వచ్చుచున్నవని తెలియగానే థోరో, ఏటిలో కొట్టుకొనివచ్చిన కఱ్ఱలను ఏఱి, వానితో పుస్తకముల బీరువాను సిద్ధము చేసి యుంచెను. మూడు రాళ్లను దుమ్మునకు వెఱచి పాఱవేసినవాడు 44 సంపుటముల దుమ్ము తుడుచుటకు వెనుదీయలేదు. నా మూడు బండ్లలో నేది యుంచవలెను, ఏది వదలవలెను అను ధర్మసందేహమునకు నాకు దొరికిన యుత్తరములలో నింతకంటె స్పష్టమైనది లేదు. ఇత్తడి సామానులో సగమును ఊరి సత్రమున కిచ్చితిని. ధ్వన్యాలోకము నా యొద్దనే యున్నది, ఇప్పుడు చదువుచున్నాను.

థోరో వివాహము చేసికొనలేదు. పాఱిపోయి వచ్చిన నీగ్రో బానిసలను ఇంట దాచి ఉత్తరదేశమునకు సాగనంపుచుండెను. 1862 మే 6 వ తేదీని క్షయరోగముచే, తన 44 వ యేట, తల్లియు చెల్లెలును చూచుచుండగా ప్రశాంతముగా కన్నుమూసెను.

అతడు కట్టుకొనిన యిల్లు చేతులు మాఱి ధాన్యపు కొట్టాయెను. 1868 లో దానిని విప్పివేసి కలపను ఇతరములగు పనులకు వాడిరి. ఇల్లుండిన చోటికి వచ్చువారు తలా యొక రాయి వేయు వాడుక 1872 లో మొదలయ్యెను. ఆ గుట్ట నేటికిని పెరుగుచున్నది. సరిగా నూఱేండ్లకు, 1945 లో, రాబిన్సు అనునతడు ఆ సమీపమున త్రవ్వి, థోరో తన చేతులతో కట్టిన పొయ్యి పునాదిరాళ్లను కనుగొనెను.