ఆరుగురితో మొదలైన కాలేజీ

సెకండ్ ఇయర్ మొదలవగానే మన క్లాసులో కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఊరికి దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లు. లేటరల్ ఎంట్రీ అని ఒక్క మాటలో చెప్పేసి ఊరుకుంటాం. కానీ ఆలోచిస్తే అందులో పెద్ద సంగతే ఉంది. ఒక చోట చదివిన చదువును ఇంకో చోట ఒప్పుకోవాలి కదా! అమెరికాలో ఈ ఒప్పుకోలు కోసం పట్టుబట్టినవాళ్లలో ముందు వరసలో ఉండే పేరు విలియం రైనీ హార్పర్. అక్కడి కమ్యూనిటీ కాలేజీల కథ ఎవరు చెప్పినా ఆయన దగ్గరికి రావాల్సిందే.

హార్పర్ 1856 జులై 24న ఒహాయో రాష్ట్రంలోని న్యూ కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఊళ్లో అన్ని సరుకులూ అమ్మే కొట్టు నడిపేవారు. అదృష్టం ఏంటంటే అంత చిన్న ఊళ్లోనూ మస్కింగమ్ అనే కాలేజీ ఉంది. మనం ఐదో తరగతిలో ఉండే వయసుకి ఆయన అందులో చేరి, 14 ఏళ్లకే డిగ్రీ తెచ్చుకున్నారు. పట్టా పుచ్చుకున్న రోజున హీబ్రూ భాషలో ప్రసంగించారు కూడా. ఆ తర్వాత కొన్నాళ్లు నాన్న కొట్లో పని చేస్తూ, ఊరి బ్యాండులో వాయిస్తూ గడిపి, యేల్ యూనివర్సిటీకి వెళ్లారు. లాటిన్, గ్రీకు, సంస్కృతం, గోథిక్ భాషల వ్యాకరణాన్ని పోలుస్తూ థీసిస్ రాసి, 19 ఏళ్లు నిండకుండానే పీహెచ్‌డీ అందుకున్నారు.

ఇంత స్పీడుగా దూసుకెళ్లిన మనిషి తనలాంటి తెలివైనవాళ్ల గురించే ఆలోచించి ఉంటారనుకుంటాం. జరిగింది వేరు. 1879లో షికాగో దగ్గర మోర్గన్ పార్క్‌లోని ఒక సెమినరీలో హీబ్రూ పంతులుగా చేరారు. క్లాసుకు రాలేనివాళ్ల కోసం పాఠాలు అచ్చు వేయించి పోస్టులో పంపడం మొదలుపెట్టారు. వేసవి సెలవుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున జరిగే బడిలో పాఠాలు చెప్పేవారు. ఉద్యోగం, సంసారం వదిలి రాలేని మనుషులకు చదువు మీద ఎంత ఆకలి ఉంటుందో ఆయనకు ఈ రెండు చోట్లా తెలిసొచ్చింది.

ఇంతలో చమురు వ్యాపారి జాన్ డి. రాక్‌ఫెల్లర్ షికాగోలో కొత్త కాలేజీకి 6 లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఇంకో 4 లక్షలు బయట పోగు చేయాలన్నది షరతు. 1891లో హార్పర్ అధ్యక్ష పదవి ఒప్పుకున్నారు. 1892 అక్టోబర్ 1న షికాగో యూనివర్సిటీ తరగతులు మొదలయ్యేసరికి ఆయనకు 36 ఏళ్లు. ఏడాదిని నాలుగు క్వార్టర్లుగా చేసి, వేసవిలోనూ గేట్లు తెరిచే ఉంచారు. పోస్టులో పాఠాలు ఇక్కడికీ తెచ్చారు. ఖర్చు మాత్రం చేతికి అందేది కాదు. లోటు పూడ్చమని రాక్‌ఫెల్లర్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చేది.

ఇంతకీ అసలు విషయం. నాలుగేళ్ల డిగ్రీని ఆయన మధ్యలో రెండుగా విడదీశారు. మొదటి రెండేళ్లను జూనియర్ కాలేజీ అన్నారు, తర్వాతి రెండేళ్లను సీనియర్ కాలేజీ. మొదటి సగం పూర్తయితే అసోసియేట్ అనే పట్టా. అక్కడితో ఆపేసినా అవమానం లేదు, ఓడిపోయి వెళ్లినట్టు కాదు. అప్పట్లో ఇద్దరు ముగ్గురు మాస్టార్లతో, సరైన ల్యాబు కూడా లేకుండా నాలుగేళ్ల డిగ్రీ నడిపే చిన్న కాలేజీలు చాలా ఉండేవి. మీరు రెండేళ్లు గట్టిగా చెప్పండి, మిగతా రెండేళ్లు పెద్ద యూనివర్సిటీ చూసుకుంటుంది అన్నది ఆయన వాదన సారాంశం.

వినడానికి బాగుంది. కానీ నాలుగేళ్ల కాలేజీ అన్న బోర్డు తీసేసి రెండేళ్ల కాలేజీ అని రాసుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? పైగా ఇందులో హార్పర్ స్వార్థమూ లేకపోలేదు. చిన్న తరగతుల బరువు దించుకుంటే తన యూనివర్సిటీ రీసెర్చ్ మీద కూర్చోవచ్చు. మామూలు పిల్లల్ని బయటి గేటు దగ్గరే ఆపేసే ఎత్తు ఇది అని విమర్శించినవాళ్లున్నారు. ఆ విమర్శను కొట్టిపారేయలేం.

అయితే జోలియెట్ ఊళ్లో కథ ఇంకోలా తిరిగింది. షికాగోకి సుమారు 60 కిలోమీటర్ల దూరం. అక్కడి హైస్కూల్ ప్రిన్సిపాల్ జె. స్టాన్లీ బ్రౌన్, హార్పర్ ప్రోత్సాహంతో, 1901లో హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు మొదలుపెట్టారు. చేరింది ఆరుగురు. హాస్టల్ ఖర్చు లేదు, ఊరు వదిలే పని లేదు. ఇక్కడ చదివింది అక్కడ లెక్కకొస్తుందన్న భరోసా ఉంటే చాలు. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికన్నా పాతది అదే.

దాని ఎదుగుదల చూసే టైము హార్పర్‌కి దొరకలేదు. 1905లో క్యాన్సర్ అని తేలింది. అయినా ఆ ఏడాది కూడా పుస్తకాలు వెలువరించారు. 1906 జనవరి 10న కన్నుమూశారు. వయసు 49.

ఇవాళ అమెరికాలో అలాంటి కాలేజీలు దాదాపు వెయ్యి ఉన్నాయి. ఇప్పుడు అవి పెద్ద యూనివర్సిటీలతోనే కాదు, ఒకదానితో ఒకటి కూడా చేతులు కలుపుతున్నాయి. ఖరీదైన ల్యాబు కావాల్సిన కోర్సును ప్రతి కాలేజీ పెట్టుకోలేదు. చేరేది పదిమంది అయితే అసలే గిట్టదు. అందుకని ఒప్పందం రాసుకుంటారు. ఇంగ్లీషు, మ్యాథ్స్ లాంటివి సొంత ఊరి కాలేజీలో, ప్రత్యేకమైన సబ్జెక్టులు పక్క కాలేజీలో. క్రెడిట్లన్నీ కలిపి ఒక్క డిగ్రీ. ల్యాబు ఒకటే, వాడుకునే ఊళ్లు నాలుగు.

ఇదంతా కాగితం మీద సంతకాలతో అయిపోయేది కాదు. పక్క కాలేజీ మాస్టారు వేసిన మార్కును మన మాస్టారు నమ్మాలి. అటు నుంచి వచ్చిన పిల్లాణ్ని క్లాసు తనవాడనుకోవాలి. మొదటి పని కాలేజీలది, రెండోది మనది. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లకి ల్యాబు మనకన్నా బాగా వచ్చు, మన ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ మాత్రం వాళ్లు చదవలేదు. ఈసారి వాళ్లు నోట్స్ అడిగితే, లేదనకుండా ఇచ్చేయండి.